సైన్సు కిట్టా, సొంత పెట్టా, సైన్స్ సెంటరా, టింకరింగ్ ల్యాబా? బడికి ఏది ముందు, ఏది తర్వాత

6 నుంచి 10వ తరగతి పిల్లలకు ప్రయోగాలతో సైన్సు నేర్పించాలని బడి నిర్ణయించుకున్నాక తేలాల్సింది ఒకటే: ఉన్న డబ్బు, ఉన్న పీరియడ్లు దేనిమీద పెట్టాలి? తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో దారులకు కొదవ లేదు. అలిపిరి దగ్గర 1993 నుంచి రీజనల్ సైన్స్ సెంటర్ నడుస్తోంది. కుప్పం దగ్గర గుడివంకలో అగస్త్య ఫౌండేషన్ వారి 172 ఎకరాల ప్రాంగణం ఉంది. కొన్ని బడులకు అటల్ టింకరింగ్ ల్యాబ్, అంటే సెన్సర్లు, 3డీ ప్రింటరు లాంటి వాటితో పిల్లలు సొంతంగా పరికరాలు చేసి చూసే గది, వచ్చింది. అట్టపెట్టెల్లో అమ్మే కిట్లు బజారు నిండా ఉన్నాయి. పైసా ఖర్చు లేని ఎండా, వానా, బడి ఆవరణా ఎలాగూ ఉన్నాయి.

వీటిని పోల్చేటప్పుడు చాలామంది చూసేది పరికరం పిల్లల చేతికి అందుతుందా లేదా అన్నది. అది చాలదు. ఏం మార్చాలి, ఏం కొలవాలి, ఎన్నిసార్లు కొలవాలి అని తేల్చుకునేది ఎవరో చూడాలి. పుస్తకమే తేల్చేస్తే పిల్లల చేతులు కదులుతాయి, బుర్ర కదలదు. సైన్సు నైపుణ్యం అంటే మేం ఇక్కడ లెక్కలోకి తీసుకున్నవి ఇవి: గమనించడం, ఏమవుతుందో ముందే ఊహించి రాసుకోవడం, ఒక్కదాన్నే మార్చి తక్కినవాటిని అలాగే ఉంచడం, కొలవడం, మళ్ళీ కొలవడం, వచ్చిన అంకెలను బట్టి తోటివాళ్ళతో వాదించడం. ఒక్కో దారిలో వీటిలో కొన్ని పెరుగుతాయి, కొన్ని అసలు పెరగవు.

అట్టపెట్టె కిట్లు

సామాను వెతుక్కునే తీరిక లేని టీచరుకు కిట్టు సాయపడుతుంది, అన్నీ ఒకచోట దొరుకుతాయి కాబట్టి. ఇబ్బంది ఏమిటంటే, ఫలితం పుస్తకంలోనే అచ్చయి ఉంటుంది. ఒకసారి చేశాక రసాయనాలు అయిపోతాయి, ఒక చిన్న ముక్క పోతే మొత్తం మూలపడుతుంది. కొనేముందు మూత తీసి చూడండి. కొలిచే సాధనం ఒక్కటైనా ఉందా, అంటే స్కేలో, థర్మామీటరో, కొలత గీతలున్న సిరంజో? విరిగిన ముక్క మన ఊళ్ళో దొరుకుతుందా? ఒకే ప్రయోగాన్ని వేరే పొడవుతోనో, వేరే బరువుతోనో మళ్ళీ చేయడానికి వీలుందా? ఈ మూడింటికీ లేదనే జవాబు వస్తే, అట్టమీద 50 ప్రయోగాలని రాసి ఉన్నా వదిలేయండి. ఇంట్లో ఒక్క పిల్లకో, పిల్లాడికో అయితే కిట్టు పర్వాలేదు. 40 మంది తరగతికి మాత్రం దండగ.

సొంతంగా కూర్చుకునే పెట్టె

మా మొగ్గు దీనివైపే. 40 మందిని నలుగురేసి 10 జట్లు చేసి, ప్రతి జట్టుకూ ఒక ప్లాస్టిక్ డబ్బా ఇవ్వాలి. ఒక్కో డబ్బాలో పెట్టాల్సినవి: దర్జీ టేపు 1, ఒకే సైజు ఇనుప నట్లు 4, నూలుదారం 3 మీటర్లు, సూది లేని 10 మి.లీ. సిరంజి 2, భూతద్దం 1, ఎర్ర ఎల్‌ఈడీ 2, కరెంటును అదుపులో ఉంచే 470 ఓమ్ రెసిస్టరు 2, 9 వోల్టుల బ్యాటరీ 1, క్లిప్పులున్న వైర్లు 4, లోపల ఎర్రద్రవం ఉండే ఆల్కహాల్ థర్మామీటరు 1. పాదరసం థర్మామీటరు పిల్లల చేతికి ఇవ్వవద్దు. అది పగిలితే తరగతి గది ఖాళీ చేయాల్సిందే. స్టాప్‌వాచ్‌కు టీచర్ల ఫోన్లు నాలుగైదు ఉన్నా సర్దుకోవచ్చు. దర్జీ టేపు వాడేకొద్దీ సాగుతుంది కనుక నెలకోసారి స్టీలు స్కేలు పక్కన పెట్టి సరిచూడాలి.

ఈ డబ్బాతో ముందుగా చేయించాల్సింది లోలకం. దారానికి నట్టు కట్టి, బెంచీ అంచున వేలాడదీసి, 10 ఊపులకు పట్టే సమయం చూడాలి. నట్టు అటు వెళ్ళి తిరిగి మొదటిచోటికి వస్తే ఒక ఊపు. దారం కట్టినచోటి నుంచి నట్టు మధ్యకు పొడవు 25 సెం.మీ. అయితే 10 సెకన్లు, 50 అయితే 14 పైచిలుకు, 100 అయితే 20 సెకన్లు రావాలి. పొడవు నాలుగింతలైతే సమయం రెండింతలే అవుతోందని పట్టికలోంచి పిల్లలే పట్టుకుంటారు. టీచరు ముందే చెప్పేస్తే ప్రయోగం అక్కడితో చచ్చిపోతుంది.

తప్పులు జరిగే చోట్లే అసలు పాఠం ఉంది. మీటరు దారానికి 20కి బదులు 18 సెకన్లు వచ్చిందంటే, నట్టు వదిలినప్పుడే ‘ఒకటి’ అని లెక్క మొదలుపెట్టారన్నమాట. అలా చేస్తే 9 ఊపులే అవుతాయి. వదిలేటప్పుడు ‘సున్నా’ అనాలి. ఒక్క ఊపుకే సమయం చూసే జట్టుకు వేలి ఆలస్యం 0.2 సెకన్లున్నా పొట్టి లోలకంలో ఐదో వంతు తేడా వస్తుంది. 20 ఊపులు చూస్తే అదే ఆలస్యం నూటికి ఒకటి. మళ్ళీ మళ్ళీ ఎందుకు కొలవాలో చెప్పడానికి ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు. ఊపు మరీ పెద్దదైనా లెక్క చెడుతుంది. 15 డిగ్రీల లోపు తేడా కనపడదు గానీ, 60 డిగ్రీల నుంచి వదిలితే సమయం నూటికి 7 వంతులు పెరుగుతుంది.

ఇంకో తప్పు మరీ తెలివిగా మోసం చేస్తుంది. బరువు పెంచితే ఏమవుతుందో చూద్దామని నట్ల కింద నట్లు వేలాడదీస్తారు. బరువు మధ్యబిందువు కిందికి జారి లోలకం నిజంగానే పొడవవుతుంది, నెమ్మదిగా ఊగుతుంది. ‘బరువెక్కితే నెమ్మదిస్తుంది’ అని పిల్లలు రాసేస్తారు. వాళ్ళు కొలిచింది సరైనదే, మార్చింది మాత్రం రెండు విషయాలను. నట్లన్నీ ఒకే ముడికి పక్కపక్కన గుచ్చితే బరువుతో సంబంధం లేదని తేలిపోతుంది. ఈ తప్పును టీచరు ముందే ఆపకూడదు. రెండు జట్లు రెండు రకాలుగా కట్టి, వేర్వేరు జవాబులు తెచ్చి, ఎందుకని వాదించుకోనివ్వాలి. ఆ పీరియడు సిలబస్ కొంచెం వెనకపడినా నష్టం లేదు.

రెండోది, ఏ నీటిలో కరెంటు బాగా పారుతుందన్న పరీక్ష. రెండు పెన్సిలు సెల్లులతో, అంటే 3 వోల్టులతో, ఉప్పునీళ్ళలో కూడా ఎల్‌ఈడీ వెలగదు. ఎర్ర ఎల్‌ఈడీకే 2 వోల్టుల దాకా పోతుంది, నీళ్ళలో ముంచిన కడ్డీల దగ్గర జరిగే రసాయన చర్యకు మరికొంత కావాలి. అందుకే డబ్బాలో 9 వోల్టుల బ్యాటరీ పెట్టమన్నాం. పెన్సిలు లెడ్డు ముక్కలను కడ్డీలుగా వాడి, బ్యాటరీ, రెసిస్టరు, ఎల్‌ఈడీ, కడ్డీలను ఒకదాని తర్వాత ఒకటిగా కలిపి, వాటి మధ్య దూరం 2 సెం.మీ. ఉంచి, ఆర్వో నీళ్ళు, బోరు నీళ్ళు, ఉప్పునీళ్ళు పోల్చమనండి. వెలుగు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. దూరం మారితే వెలుగూ మారుతుంది గనుక అట్టముక్కకు రెండు చిల్లులు చేసి కడ్డీలను కదలకుండా గుచ్చాలి. ఉప్పునీళ్ళలో 10 సెకన్లకు మించి ఉంచవద్దు, ఘాటైన క్లోరిన్ వాసన వస్తుంది. కిటికీలు తెరిచే ఉండాలి. రెసిస్టరు లేకుండా ఎల్‌ఈడీని నేరుగా 9 వోల్టులకు కలిపితే అప్పటికప్పుడే మాడిపోతుంది. పొడవు కాలు ప్లస్ వైపు ఉండాలి. సగం జట్లు ‘వెలగడం లేదు సార్’ అనేది దీనివల్లే.

పసుపు కాగితం అందరూ చేయించేదే. సున్నపు తేటలో ముంచగానే ఎర్రబడుతుంది, పారాణి ఎరుపుకు కారణం ఏమిటో పిల్లలకు అక్కడే అర్థమవుతుంది. అయితే నిమ్మరసంలో పసుపు మారదు కాబట్టి ‘నిమ్మరసం ఆమ్లం కాదు’ అని రాసేవాళ్ళు ఉంటారు. పసుపు క్షారాన్నే పట్టిస్తుంది, ఆమ్లానికీ మామూలు నీళ్ళకూ తేడా చెప్పలేదు. అందుకే జతగా మందారం ఉండాలి: 5 ఎర్ర మందారాల రేకులు 100 మి.లీ. వేడినీళ్ళలో 10 నిమిషాలు నానబెట్టి వడగట్టాలి. నిమ్మరసానికి ఎర్రగులాబీ రంగు, సున్నపు తేటకు ఆకుపచ్చ వస్తుంది. ఏ రోజు రసం ఆ రోజే వాడాలి. సున్నం కంట్లో పడితే ప్రమాదం, కాబట్టి అడుగు కదపకుండా పైతేట మాత్రమే టీచరు సిరంజితో తీసి ఇవ్వాలి.

మొలకల ప్రయోగానికి చెనక్కాయ విత్తనాల కన్నా పెసలు నయం. రాత్రి నానబెడితే ఒకటి రెండు రోజుల్లో మొలకలు కనిపిస్తాయి, పిల్లల ఆసక్తి చల్లారదు. గిన్నెకు 10 గింజలు చాలవు, ఒక్క గింజ తేడా అయినా నూటికి పది అయిపోతుంది. 20కి తగ్గకుండా వేయాలి. ‘వెలుతురు లేకపోతే మొలుస్తుందా’ అని ఒక గిన్నెకు మూతపెట్టి, ఒకటి తెరిచి ఉంచుతారు. మూత పెట్టినదాంట్లో తడి ఆరదు కాబట్టి అదే బాగా మొలుస్తుంది, చీకటి మంచిదని పిల్లలు తేల్చేస్తారు. రెండింటికీ ఒకేలాంటి గాజు మూతలు పెట్టి, ఒకదాని చుట్టూ మాత్రం నల్లకాగితం చుట్టాలి.

బడి ఆవరణ: నీడ, వాన

దీన్ని తక్కువగా చూడటం చాలా బడులు చేసే పొరపాటు. తిరుపతి సుమారు 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందువల్ల ఢిల్లీ పిల్లలకు దొరకనిది మన పిల్లలకు దొరుకుతుంది: ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. ఏప్రిల్ చివరివారంలో ఒకసారి, ఆగస్టు మధ్యలో ఒకసారి. ఏప్రిల్‌ది వేసవి సెలవుల్లో కొట్టుకుపోతుంది కనుక బడికి పనికొచ్చేది ఆగస్టుదే. మబ్బు పట్టవచ్చు, కాబట్టి ఆగస్టు 10 నుంచి 22 దాకా ఎండ కాసిన ప్రతిరోజూ నీడ కొలవడం మంచిది. ఒక్క రోజునే నమ్ముకోవద్దు.

మీటరు కర్రను నిలువుగా పాతాలి. కన్నుతో చూసి నిలువు అనుకోవద్దు, దారానికి నట్టు కట్టి వేలాడదీసి రెండు వైపుల నుంచీ సరిచూడాలి. 1 డిగ్రీ వంగినా నీడ చివర ముప్పావు అంగుళం జరుగుతుంది. నీడ అతి పొట్టిగా ఉండేది గడియారం 12 కొట్టినప్పుడు అనుకుంటారు. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, తిరుపతి అంతకు పడమరగా 79.4 దగ్గర ఉంది. అందుకే ఆగస్టు మధ్యలో అది 12 గంటల 16, 17 నిమిషాలకు వస్తుంది. 12 గంటల నుంచి 12:30 దాకా 3 నిమిషాలకోసారి గుర్తు పెడితే పిల్లలకే తెలిసిపోతుంది. జూన్ 21 ప్రాంతంలో అదే కర్ర నీడ సుమారు 17 సెం.మీ. ఉండి దక్షిణం వైపు పడుతుంది, డిసెంబరు 21 ప్రాంతంలో సుమారు 75 సెం.మీ. ఉండి ఉత్తరం వైపు పడుతుంది. నీడ దిక్కు మార్చుకోవడం చూసిన పిల్లలకు రుతువుల పాఠం విడిగా బట్టీ పట్టాల్సిన పని లేదు. నీడ అంచు మసకగా ఉంటుంది, మీటరు కర్రకు ఆ మసక దాదాపు 1 సెం.మీ. ఉంటుంది. మిల్లీమీటర్లలో రాసిన కొలతను నమ్మవద్దని చెప్పడానికి ఇదే సందు. సూర్యుడివైపు నేరుగా చూడకూడదన్నది మొదటిరోజే గట్టిగా చెప్పాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన కొలత పెట్టుకోండి. 10 సెం.మీ. వెడల్పున్న గరాటును సీసామీద బిగించి, పడిన నీళ్ళను సిరంజితో కొలిస్తే, ప్రతి 7.85 మి.లీ.కి 1 మి.మీ. వాన. గోడకు, చెట్టుకు వాటి ఎత్తుకు రెండింతల దూరంలో పెట్టాలి. వాతావరణ శాఖ లెక్క ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30కి, కాబట్టి మీరూ అప్పుడే చూడాలి. వాళ్ళ అంకె, మీ అంకె కలవకపోతే గాబరా వద్దు, వాన వీధికో తీరుగా పడుతుంది. దగ్గర్లోని గాదంకిలో 53 మెగాహెర్ట్జ్ రాడార్‌తో వాతావరణాన్ని పరిశీలిస్తున్న జాతీయ పరిశోధనశాల ఉందని ఈ సందర్భంలో చెబితే, పిల్లలకు తమ సీసా కూడా అదే పనిలో భాగమని తెలుస్తుంది.

సైన్స్ సెంటర్, అగస్త్య, సంచార ల్యాబు

ఇవి ఆసక్తి రగిలిస్తాయి. బడిలో చేయలేని పెద్ద పరికరాలు చూపిస్తాయి. ఒక్కరోజులో నైపుణ్యం మాత్రం రాదు. 40 మందిని లోపలికి వదిలితే బటన్లు నొక్కుకుంటూ గంటలో బయటికి వచ్చేస్తారు. టీచరు వారం ముందు వెళ్ళి 6 ప్రదర్శనలు ఎంచుకోవాలి. ఒక్కో జట్టు ఒక్కోదాని దగ్గర 15 నిమిషాలు ఉండాలి. చేతిలోని కాగితం మీద మూడే ప్రశ్నలు: ఇందులో మనం మార్చగలిగింది ఏది? మారిస్తే ఏమవుతుందనుకుంటున్నావు? ఏమైంది? పక్కనున్న బోర్డులోని వివరణ ఆఖరున చదవనివ్వాలి. పదిమంది పిల్లలకు ఒక పెద్దమనిషి తప్పనిసరి.

ఎక్కడికి వెళ్ళాలన్నది దూరాన్ని బట్టే. చిత్తూరు నుంచి తిరుపతి సుమారు 70 కిలోమీటర్లు, పొద్దున 7:30కి బస్సు కదిలితేగానీ పూర్తి పూట దొరకదు. కుప్పం, రామకుప్పం, శాంతిపురం, వి.కోట బడులకు గుడివంక దగ్గర. తిరుమల బ్రహ్మోత్సవాల రోజుల్లో, వైకుంఠ ఏకాదశి ముందువెనకల అలిపిరి వైపు బస్సు తీసుకెళ్ళవద్దు, రోడ్డుమీదే పూట గడిచిపోతుంది.

అగస్త్య 1999లో మొదలైంది. నమూనాలను వ్యానులో బడికే తెచ్చి చూపించే పద్ధతికి వాళ్ళు పేరుపడ్డారు. సంచార ల్యాబు ఏదైనా మీ బడికి వస్తే, రెండు తరగతులను కలిపి కూర్చోబెట్టవద్దు. వెనక వరుసకు కనిపించేది ముందువాళ్ళ తలలే. ఒక తరగతినే రెండు సగాలు చేయమని అడగండి. ఆ రోజు చూపించినవాటిలో ఒకదాన్ని మర్నాడే మీ సొంత డబ్బాలతో మళ్ళీ చేయించండి. ఆ మర్నాటి పీరియడు లేకపోతే వ్యాను రాకతో మిగిలేది ఫొటోలే.

టింకరింగ్ ల్యాబ్

నీతి ఆయోగ్ కింద అటల్ ఇన్నోవేషన్ మిషన్ 2016లో మొదలైంది. ఎంపికైన బడికి ఐదేళ్ళలో 20 లక్షల రూపాయల దాకా ఇస్తుంది. 6 నుంచి 12వ తరగతి వారికి. 3డీ ప్రింటరు, ఆర్డుయినో అనే చిన్న కంప్యూటరు బోర్డు, సెన్సర్లు చూస్తే పిల్లలు ఎగిరి గంతేస్తారు, అది మంచిదే. కానీ నెట్‌లో దొరికిన ప్రోగ్రాం ఎక్కించి, బొమ్మకారు గీతమీద నడిస్తే చప్పట్లు కొట్టడంతో ఆగిపోయే ల్యాబు సైన్సు నేర్పదు. లోలకం దగ్గర చిక్కుపడని పిల్లలు సెన్సరు చూపిన అంకెను దేవుడి మాటలా నమ్ముతారు.

దీన్ని సైన్సువైపు తిప్పే పని ఒకటి చెబుతాం. చెవికి వినపడని శబ్దం పంపి, అది తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సరును గోడకు సరిగ్గా 1 మీటరు దూరంలో పెట్టి, ఏసీ గదిలో 20 కొలతలు, వేసవి సెలవులకు ముందు ఎండ మండే మధ్యాహ్నం షెడ్డు కింద 20 కొలతలు తీయించండి. 20 డిగ్రీల వేడిలో శబ్దవేగం సెకనుకు 343 మీటర్లు, 40 డిగ్రీల్లో సుమారు 355. ప్రోగ్రాంలో మామూలుగా 343 దగ్గరి అంకె రాసి ఉంటుంది కనుక ఎండలో సెన్సరు 97 సెం.మీ. దగ్గర చూపిస్తుంది. యంత్రం అబద్ధం చెబుతోందా, మన లెక్కే తప్పా అని టేపు పట్టుకుని తేల్చుకోవడం నిజమైన పని. గోడకు బదులు కర్టెన్ ఉంటే శబ్దాన్ని మింగేసి కొలతలు గెంతుతాయి. పక్కన బెంచీ ఉంటే దాన్నే గోడ అనుకుంటుంది. ఖర్చు విషయంలో ఒక మాట: ఇంకో రోబో కిట్టు కొనకుండా జంపర్ వైర్లు, ఎల్‌ఈడీలు, బ్యాటరీ హోల్డర్లు అవసరానికి రెండింతలు తెప్పించండి. ఇవి అయిపోతే ల్యాబులో పని ఆగిపోతుంది.

కంప్యూటరులో చేసే ప్రయోగాలు

అణువుల కదలిక, గ్రహాల దారి, తీగలో ఎలక్ట్రాన్ల ప్రవాహం లాంటి కంటికి కనపడని విషయాలకు ఇవి చక్కగా పనికొస్తాయి. తెరమీది లోలకంలో వేలి ఆలస్యం ఉండదు, దారం జారదు, ప్రతిసారీ ఒకే అంకె వస్తుంది. కాబట్టి చేతిపని తర్వాతే చూపించాలి, దాని బదులుగా వద్దు.

ఎవరికి ఏది

ల్యాబు లేని, డబ్బు లేని ఉన్నత పాఠశాల ముందు 10 డబ్బాలు కూర్చుకుని, జూన్‌లోనే నీడ కర్ర పాతాలి. పర్యటనకు దాచిన డబ్బు ఉంటే ఏడాది చివర్లో పెట్టండి. అప్పటికి పిల్లలకు ప్రశ్నలు అడగడం వచ్చి ఉంటుంది. టింకరింగ్ ల్యాబ్ ఇప్పటికే ఉన్న బడి 6, 7 తరగతులను డబ్బాలతో నడిపి, 8 నుంచి సెన్సర్లు ఇవ్వాలి. ఒకే టీచరుకు వారానికి ఒక్క పీరియడే దొరికితే పది ప్రయోగాల జోలికి పోకుండా లోలకం, పెసలు, నీడ మూడే తీసుకుని ఒక్కోదాన్ని మూడేసిసార్లు చేయించాలి.

ఎంచుకున్నది పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి ఏడాది మొదట్లో ఒకసారి, చివర ఒకసారి ఇదే పని ఇవ్వండి. జట్టుకు ఒక స్టీలు గ్లాసు, ఒక మట్టి గ్లాసు, థర్మామీటరు, సిరంజి, గడియారం ఇచ్చి, టీచరు పోసే 60 డిగ్రీల వేడినీళ్ళతో ‘ఏ గ్లాసులో తొందరగా చల్లారుతుంది?’ అన్న ఒక్క ప్రశ్న రాయండి. ఇంకేమీ చెప్పవద్దు. మీరు చూడాల్సినవి: రెండు గ్లాసుల్లో నీళ్ళు ఒకే కొలత పోశారా, మొదటి వేడి రాసుకున్నారా, రెండూ ఒకేచోట పెట్టారా, అడక్కుండానే రెండోసారి చేశారా, పట్టికలో నిమిషాలు, డిగ్రీలు అని రాశారా. ఒక్కోదానికి ఒక మార్కు. థర్మామీటరు ఒక్కటే కాబట్టి ఒక గ్లాసులోంచి తీసి ఇంకోదాంట్లో పెట్టాక అంకె నిలబడేదాకా అర నిమిషమైనా ఆగిన జట్టుకు ఇంకో మార్కు అదనంగా ఇవ్వండి.